మొదటి చూపు

పసికందులుగా ఉన్నప్పుడే పరిశోధన కోసం విడదీసిన కవలలు వాళ్లు. ఆ అన్యాయం మీద డాక్యుమెంటరీ తీస్తున్న దర్శకుడు ఇవాళ ఇద్దర్నీ స్టూడియోకి రప్పించాడు.

తలుపు తీయగానే చక్రాల కుర్చీలో అచ్చుగుద్దినట్టు తన పోలికే కనిపించింది అక్కకి. పరుగున వెళ్లి చేతులు పట్టుకుంది.

"అక్కా అని ఒక్కసారి పిలవవే!"

చెల్లెలి పెదవులు వణికాయి. మాట రాలేదు.

"పోయిన నెల పక్షవాతం వచ్చి మాట పడిపోయిందమ్మా," అన్నాడు దర్శకుడు.

"నీకెప్పుడు దొరికింది, బాబూ?"

"ఏడాదైంది. మీరు మొదటిసారి కలుసుకోవడం కెమెరాలో పడాలని మీ ఇద్దరికీ చెప్పకుండా ఆగాను."

"అప్పుడు మాట్లాడేదా?"

అతడు తల దించుకున్నాడు.

"బాగా మాట్లాడేది. వెళ్లినప్పుడల్లా 'మా అక్క దొరికిందా?' అని అడిగేది."

"నువ్వేమనేవాడివి?"

"ఇంకా వెతుకుతున్నాం అనేవాణ్ణి."