పేజీలు తిప్పే మనిషి

"నేను తల ఊపగానే పేజీ తిప్పాలి. అంతే నీ పని," అంది మేడమ్ ఒడీల్.

గిరిజ పియానో పక్కన కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంది. "నాకు మ్యూజిక్ చదవడం రాదు మేడమ్. ఎవరైనా స్టూడెంట్‌ని అడగొచ్చు కదా?"

"రాదు కాబట్టే నిన్ను అడిగాను. వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని నా తప్పులు వెతుకుతారు."

గిరిజ పిస్కాటవే అనే ఊళ్ళో ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. పక్కింటి డెబ్బై ఆరేళ్ళ ఫ్రెంచ్ ఆవిడ ఒకప్పుడు పేరుమోసిన పియానిస్టని ఆమెకు తెలిసి రెండేళ్ళే అయింది. భర్త జబ్బుపడ్డాక ఒడీల్ కచేరీలు మానేసింది. ఆయన పోయి మూడేళ్ళు. ఇప్పుడు ఊళ్ళో లైబ్రరీ వాళ్ళు అడిగితే ఆఖరిసారిగా వాయించడానికి ఒప్పుకుంది. మూడు వారాలుగా గిరిజ సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా ఇక్కడికే వస్తోంది. అట్ట ఊడిన పాత పుస్తకమొకటి స్టాండు మీద పెట్టుకుని ఇద్దరూ సాధన చేస్తున్నారు.

"మీరు మొదటిసారి స్టేజి ఎక్కింది ఎప్పుడు?" అని అడిగింది గిరిజ, టీ కప్పు ఆమె చేతికిస్తూ.

"తొమ్మిదేళ్ళప్పుడు, లియోన్‌లో. కాళ్ళు పెడల్స్‌కి అందేవి కావు. పోస్టర్ మీద 'తొమ్మిదేళ్ళ అద్భుతం' అని వేశారు. జనం పిల్లను చూడ్డానికి వచ్చారు. ఇరవై రెండేళ్ళకి పారిస్‌లో వాయించాను. మర్నాడు పేపర్లో నా గౌను గురించి రెండు పేరాలు, వాయించినదాని గురించి ఒక్క వాక్యం. మా ఆయన పోయిన నెలకి ఒకడు ఫోన్ చేశాడు, 'భర్తను పోగొట్టుకున్న పియానిస్టు' అని ప్రచారం చేస్తే హాలు నిండుతుందట. మాట్లాడకుండా పెట్టేశాను."

"మరి ఇప్పుడు?"

"పోస్టర్ మీద నా పేరు తప్ప ఇంకేం వెయ్యొద్దన్నాను. ఒక్కసారైనా జనం వినడానికి రావాలి గిరిజా."

కచేరీకి రెండు రోజుల ముందు, లైబ్రరీ కమిటీలో ఉన్న కేశవరావు గారు పార్కింగ్ లాట్‌లో గిరిజను ఆపారు.

"అమ్మా గిరిజా, ఒక మాట. ఆవిడ జీవితమంతా పుస్తకం ముట్టకుండా వాయించిన మనిషి. ఇప్పుడు పుస్తకం కావాలి, పేజీలు తిప్పడానికి మనిషి కావాలి అంటోంది. మతిమరుపు గానీ మొదలైందా?"

ఆ భయం గిరిజకూ ఉంది. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయానంటూ మేడమ్ ఉత్తరాలన్నీ తనతోనే చదివించుకుంటోంది. మొన్నయితే గుమ్మంలో నిలబడ్డ తన వైపే చూస్తూ "ఎవరు?" అని అడిగింది.

"కమిటీ వాళ్ళు క్యాన్సిల్ చేద్దామంటున్నారు," అన్నారు కేశవరావు గారు. "అంతమంది ముందు మధ్యలో ఆగిపోతే ఆవిడకే అవమానం కదమ్మా."

"చెయ్యొద్దు అంకుల్. నేను పక్కనే ఉంటాను. ఏదైనా అయితే నేను చూసుకుంటాను."

అంది గానీ, ఏం చూసుకోవాలో ఆమెకే తెలియదు.

ఆదివారం మధ్యాహ్నానికి హాలు నిండింది. "చెయ్యి వదలకు. ముసలిదాన్ని, పైగా కొత్త స్టేజి," అంది మేడమ్. గిరిజ ఆమెను నడిపించుకెళ్ళి పియానో ముందు కూర్చోబెట్టింది.

మొదటి స్వరం దగ్గర్నుంచే హాల్లో అలికిడి ఆగిపోయింది. గంటసేపు ఆ వేళ్ళు ఎక్కడా తడబడలేదు. ఒకచోట వింటూ వింటూ గిరిజే పేజీ తిప్పడం మరిచిపోయింది. సంగీతం మాత్రం ఆగలేదు. చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కేశవరావు గారు జేబురుమాలుతో కళ్ళు తుడుచుకోవడం గిరిజకు కనిపించింది.

జనం పలచబడ్డాక కేశవరావు గారి మనవరాలు అనిక స్టేజి మీదికి వచ్చింది. ఆ పిల్ల పియానో నేర్చుకుంటోంది. పుస్తకం నాలుగు పేజీలు తిరగేసి మొహం చిట్లించింది.

"ఆంటీ, ఇది రాంగ్ బుక్. ఆవిడ ప్లే చేసినవి ఇందులో ఒక్కటి కూడా లేవు."

గిరిజ పుస్తకం తీసుకుని సంచిలో పెట్టేసింది. "తాతగారికి చెప్పకమ్మా," అంది మెల్లగా.

గిరిజ ఇంటి ముందు కారు ఆపి ఇంజిన్ కట్టేసింది.

"మేడమ్, ఇన్నాళ్ళూ మనం పెట్టుకున్నది వేరే పుస్తకం. మీరు డాక్టర్‌కి చూపించుకోవాలి. మతిమరుపు వస్తే సిగ్గుపడాల్సిందేం లేదు. నేను తీసుకెళ్తాను."

"నాకన్నీ గుర్తున్నాయి గిరిజా. తొమ్మిదేళ్ళప్పుడు వాయించిన పాఠాలతో సహా."

"మరి వేరే పుస్తకమని మీకు తెలియలేదా?"

మేడమ్ ఒడీల్ గిరిజ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"ఆ పుస్తకం చూసేవాళ్ళ కోసం, నా కోసం కాదు. నాకు చూపు పోయి ఏడాది దాటింది."