మిగిలిన టేపులో పాట

"కథ అయిపోయిందండీ. ఇక ఆపేయండి," అన్నాడు శ్రీహరిరావు.

బాలనర్సింహ చెయ్యి మీట దాకా వెళ్లింది గానీ నొక్కలేదు.

టేపులో కాస్త గరగర. ఆ తర్వాత ఎవరో ఆడపిల్ల గొంతు.

"దీపమారకముందె తలుపు తియ్యవే అవ్వా..."

శ్రీహరిరావు ముఖం చిట్లించాడు. ఉప్పుగూడ స్టేషన్ పక్క గల్లీలో ఉన్న బాలనర్సింహ క్యాసెట్ల దుకాణానికి ఆయన పాట కోసం రాలేదు. భార్య గొంతు కోసం వచ్చాడు.

రాజరాజేశ్వరి ముప్పై ఏళ్ల కింద సత్యనారాయణ వ్రతకథ చదివి రికార్డు చేసుకున్న క్యాసెట్ అది. ఎల్లుండి ఆమె సంవత్సరీకం. టేపు తెగిపోకముందే ఆ గొంతును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి.

"ఇది మాది కాదండీ. మా క్యాసెట్‌లోకి ఎలా వచ్చింది?"

"నేనే ఎక్కించిన సార్. అమ్మగారు దీని నకలు అప్పట్ల మా దుకాణంలనే తీయించుకున్నరు. ఎవలి టేపుల జాగ మిగిలినా చివరకు గీ పాట నింపేటోణ్ణి. ఖాళీగ ఇడువబుద్ధి కాకపోయేది."

"అడగకుండానేనా?"

"అడిగితే వద్దంటరు గద సార్." బాలనర్సింహ నవ్వాడు. "పెళ్లి పాటల ఎనుక, కవ్వాలీల ఎనుక గూడ ఎక్కించిన. ఒకపారి అరబ్బోళ్లుండే బార్కస్ బస్తీ కెళ్లి ఒకాయన వచ్చిండు. మా అరబ్బీ పాటల్ల గీ తెలుగు అవ్వ ఏంది భాయ్ అని ఒకటే లొల్లి."

శ్రీహరిరావు నవ్వలేదు. "ఇంతకీ ఎవరి పాట?"

"ఎనభై నాలుగుల ఒక చిన్న రికార్డు వచ్చింది సార్. ముందు పక్క బోనాల పాట. పేరున్నామె పాడింది, మస్తు నడిచింది. ఎనుక పక్క ఖాళీగ ఉండొద్దు గద. పెద్దామె పాడి వెళ్లిపోయింది. స్టుడియోల ఇంకొక అరగంట మిగిలింది. కోరస్‌ల ఉన్న పిల్లను నిలవెట్టి గిది పాడిచ్చిండ్రు. ఒక్కటే టేకు. తబలా ఆయన గూడ లేచిపోయిండె, వేళ్లతోటి డప్పు మీదనే నడిపిచ్చిండ్రు. కవరు మీద పేరు మాత్రం పెద్దామెదే వేసిండ్రు."

"ఎవరూ వినలేదా?"

"రికార్డు తిప్పితే గద సార్ వినేది. కంపెనీ గూడ మల్ల రికార్డులు ఒత్తలే."

"మీకివన్నీ ఎలా తెలుసు?"

"డప్పు కొట్టింది నేనే."

అదా సంగతి, అనుకున్నాడు శ్రీహరిరావు. తన డప్పు తనకు ముద్దు.

"పాట తీసేయండి. కథ వరకే ఉంచండి."

"తీస్త సార్." బాలనర్సింహ మిషన్ వైపు తిరిగాడు. "నా మిషన్ల దీన్నొక్కదాన్ని ఉంచుకోనా? కరోనా వచ్చిన ఏడాది వానలకు నీళ్లు మిద్దె దాక వచ్చినయి. రికార్డు పోయింది, టేపులన్ని బురదయినయి. ఎవలన్న పాత క్యాసెట్ తెస్తరేమోనని చూస్తున్న. వచ్చినయన్ని బూజు వట్టినయే. సాఫ్‌గ ఉన్నది గిదొక్కటే."

"మా ఆవిడ గొంతున్న టేపండీ. రేపు మీరు యూట్యూబ్‌లో పెడితే?"

"అమ్మగారి కథ ముట్ట సార్. పాట వరకే."

"వద్దండీ. మా టేపులోది ఏదీ బయట ఉండటం నాకిష్టం లేదు."

బాలనర్సింహ మెడలోని తువ్వాలు తీసి మిషన్ మీది దుమ్ము తుడిచాడు. అక్కడ దుమ్మేమీ లేదు.

"పోనీ, నకలు తీసినంక క్యాసెట్‌తోని మీకు పనుండదేమో..."

"వ్రతకథ ఉన్నది ఎవరికి పడితే వారికి ఇస్తామా? పారే నీళ్లలో కలపాలి."

"గది నిజమే సార్."

పాట తీసేశాడు. మిషన్‌లో ఏమీ మిగల్లేదని చూపించాడు కూడా. క్యాసెట్‌ను రెండు చేతులా అందించాడు.

సంవత్సరీకం బీచుపల్లిలో, కృష్ణ ఒడ్డున పెట్టారు. పిండాలు కలిపాక శ్రీహరిరావు క్యాసెట్‌ను పసుపుగుడ్డలో చుట్టి నీళ్లలోకి వదిలాడు. దండం పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక కూతురు ఉదయశ్రీ పెన్‌డ్రైవ్‌ను టీవీకి తగిలించింది. రాజరాజేశ్వరి గొంతు ఇల్లంతా నిండింది. కథ ముగిసింది. ఉదయశ్రీ చేతులు జోడించి అలాగే కూర్చుంది.

"అమ్మ పాట ఏది నాన్నా?"

"ఏ పాట?"

"దీపమారకముందె. పౌర్ణమి పూజలో క్యాసెట్ చివర ఆ పాట వస్తేనే అమ్మ హారతి వెలిగించేది. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి పూజ అయిపోయేది కదా, మీకు తెలియదు."

శ్రీహరిరావు టీవీకి ఉన్న పెన్‌డ్రైవ్ తీసి చేతిలో పట్టుకున్నాడు. తాను నదికి ఇచ్చింది ఏమిటో ఆయనకే అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే దుకాణానికి వెళ్లాడు. షట్టరుకు తాళం. పక్కన కుట్టుమిషన్ దగ్గర భిక్షపతి అనే దర్జీ ఉన్నాడు.

"బాలనర్సింహగారు ఎన్నింటికి వస్తారండీ?"

"ఇంక రాడు సార్. మిషన్ ఎవలికో ఇచ్చేసి తమ్ముని తాన సిద్దిపేటకు పోయిండు."

"అదేం?"

"గా పాట కోసమే గద గిన్నేండ్లు షట్టర్ లేపి కూసున్నది. మొన్న ఎవలో సారు తెచ్చిండట. సాఫ్‌గ ఉండెనట. ఉంచుకోనియ్యలేదట."

శ్రీహరిరావు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"సంగతి చెప్పకపోతివా అన్నా, అని అడిగిన. ఆ సారే మస్తు బాధల ఉన్నడు, నా బాధ గూడ ఆయన మీద ఏసుడెందుకురా అన్నడు."

"తాను కొట్టిన డప్పు కోసం... ఇంతగానా?"

భిక్షపతి సూదిలోకి దారం ఎక్కించడం ఆపి, తలెత్తి చూశాడు.

"డప్పెవలికి గావాలె సార్? గా కోరస్ పిల్లనే, ఆగమ్మక్కనే ఆయన పెండ్లి చేసుకున్నది. తొలి కాన్పుల పోయింది, ఫోటో గూడ దిగలే, ఆమెదని చెప్పుకునేందుకు గా గొంతొక్కటే ఉండె."