బండి బయల్దేరింది

మూడోసారి మోగుతున్న ఫోనును పెద్దక్క కొత్తమ్మాయి వైపు తోసింది.

"ఎత్తు. పొద్దుటి నుంచి చూస్తూనే ఉన్నావుగా!"

"నేనా? అప్పుడేనా అక్కా?"

"ముహూర్తం చూడాలా ఏంటి? ఎత్తు!"

కొత్తమ్మాయి ఎత్తింది. అత్యవసర వైద్య కేంద్రంలో ఆమెకది మొదటి రోజు. పొద్దుటి నుంచి వచ్చినవి రెండే ఫోన్లు, రెండూ రాంగు నంబర్లే.

"అమ్మా, కొండవార బడి నుంచి. ఇక్కడ ఆయాని. మా మాస్టారు పాఠం చెబుతూ చెబుతూ కూలిపోయారు. గుండె పట్టుకుని గిలగిల్లాడుతున్నారు. అంబులెన్సు పంపు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

పక్క ఫోనులో వింటున్న పెద్దక్క చీటీ మీద 'కొండవార బడి' అని గీకి, ఎదుటి కుర్చీలో ఉన్న బాబాయికి అందించింది. బల్ల అద్దం కిందున్న కాగితం మీద వేలు పెట్టింది. ఏం అడిగితే ఏం చెప్పాలో అందులో వరసగా అచ్చేసి ఉంది. మొదటి వాక్యం ఎర్ర అక్షరాల్లో.

"బండి బయల్దేరిందండీ," చదివింది కొత్తమ్మాయి. "కంగారుపడకండి. ఆయన్ని కూర్చోబెట్టి వీపుకి ఆసరా ఇవ్వండి. చొక్కా గుండీలు వదులు చెయ్యండి."

"ఎంతసేపట్లో వస్తుందమ్మా?"

కొత్తమ్మాయి తలెత్తింది. బాబాయి అప్పటికే గోడ మీది మ్యాపు ముందు నిలబడ్డాడు. ఎర్రదారం కట్టిన బండి తాళంచెవిని ఎప్పుడూ వేలికి తిప్పుతూ ఉండే మనిషి. పొద్దున ఏదో రిపేరు ఫైలు చంకలో పెట్టుకుని ఉసూరుమంటూ వచ్చాడు. "సంతకమైందా?" అని పెద్దక్క అడిగితే, "పెట్టే ఆయన బదిలీ, కొత్తాయన రాలేదు. ఏడు నెల్ల నుంచి ఇదే పాట. ఈ ఫైలు నాకంటే ఎక్కువ ఆఫీసులు తిరిగింది" అన్నాడు.

ఇప్పుడా వెటకారం లేదు. గడియారం చూసి, మ్యాపు మీద వేలు జరిపాడు.

"ఇరవై నిమిషాలను."

"ఇరవై నిమిషాలండీ."

"ఇరవయ్యా! ఇంకో బండి దగ్గర్లో లేదా?"

"జిల్లా మొత్తానికి ఉన్నది ఒకటే కదండీ. మన డ్రైవరు పాతకాపు, రోడ్లన్నీ కంఠతా. వచ్చేస్తాడు." ఇదీ కాగితంలోదే.

ఫోనులో పిల్లల ఏడుపు. "ఐదు తరగతులకీ ఆయనొక్కరేనమ్మా," అంది ఆయా. "జ్వరమొచ్చినా సెలవు పెట్టరు. పెడితే బడికి తాళమే."

"వంతెన దాటిందని చెప్పు," అన్నాడు బాబాయి.

"వంతెన దాటిందండీ!"

"మాస్టారూ, విన్నారా? వంతెన దాటిందంట! తలూపుతున్నారమ్మా!"

కొత్తమ్మాయికి ఒళ్లు పులకరించింది. ఫోను మూతికి చెయ్యి అడ్డం పెట్టి, "మీకెలా తెలుస్తుంది బాబాయ్?" అంది.

"గడియారం చూస్తే చాలమ్మా."

అంతలో ఆయా గొంతు మారింది. "తల్లీ, గేటు ముందు పాల వ్యాను ఆగింది. ఎక్కించుకుపోతానంటున్నాడు. ఎక్కించెయ్యనా?"

కొత్తమ్మాయి పెద్దక్క వైపు చూసింది. పెద్దక్క వేలు కాగితం అడుక్కి జారింది. 'సొంత వాహనంలో తరలించమని చెప్పరాదు.'

"కానీ అక్కా..."

"కిందటేడు ఒక పిల్ల ఇలాగే నోరుజారింది. రోగి దారిలోనే పోయాడు. ఆ పిల్ల ఉద్యోగం సాయంత్రానికల్లా ఊడింది. నీ ఇష్టం."

బాబాయి ఏమైనా అంటాడేమోనని చూసింది. అతను కిటికీ బయటికి చూస్తున్నాడు. ఆవరణలో టార్పాలిన్ కప్పిన సామానేదో ఉంది, పొద్దున ఆమె సైకిలు దానికే ఆనించి వచ్చింది. దాని కింద పిల్లి కూనలకి పాలిస్తోంది.

బండి వంతెన దాటింది కదా, అనుకుంది కొత్తమ్మాయి. బండిలో ఆక్సిజన్ ఉంటుంది. పాల వ్యానులో ఏముంటుంది?

"వద్దండీ. ఆయన్ని కదపకండి. మన బండి దగ్గరికొచ్చేసింది."

"సరేనమ్మా. నువ్వెలా చెబితే అలా." దూరంగా వ్యాను వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

బండి మార్కెట్టు మలుపు తిరిగింది. పెట్రోలు బంకు దాటింది. ఆ తర్వాత బాబాయి చాలాసేపు గడియారం చూసి, "రైలు గేటు పడిందని చెప్పు," అన్నాడు.

గేటు ఎత్తలేదు. ఎత్తకముందే ఆయా ఏడుపు ఆగిపోయింది.

"అయిపోయిందమ్మా," అంది నెమ్మదిగా. "ఇంక తొందరేం లేదు. ఆ డ్రైవరుకి చెప్పు తల్లీ, నిదానంగానే రమ్మని. పాపం, గేటు దగ్గర ఎంత కొట్టుకుంటున్నాడో. నువ్వు మాత్రం చివరిదాకా మమ్మల్ని వదల్లేదు. చల్లగా ఉండు."

కొత్తమ్మాయి ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుంది. పెద్దక్క మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది.

"ఏడవకు. ఆసుపత్రికి చేరినా చేసేదేముంది? గుండె డాక్టరు కుర్చీ మూడేళ్లుగా ఖాళీ. నువ్వు బాగా చెప్పావు. నమ్మి చెప్పావు, అందుకే ఆవిడా నమ్మింది."

"డ్రైవరుకి చెప్పాలక్కా. నంబరివ్వండి."

పెద్దక్క నంబరు ఇవ్వలేదు. అద్దం మీద లేని మరకని కొంగుతో తుడవసాగింది. మ్యాపు మీద రైలు గేటు దగ్గరే ఆగిపోయిన వేలు మెల్లగా కిందికి దిగింది. ఎర్రదారం కట్టిన తాళంచెవి బాబాయి జేబులోకి వెళ్లింది.

"విన్నానులేమ్మా," అన్నాడు బాబాయి.