నొసటి మరక

తెర మీద శవం తేలింది. ఫంక్షన్ హాల్లో రెండు వందల మంది ఊపిరి బిగబట్టారు. లింగస్వామి మాత్రం కుర్చీలోంచి లేచి చేయి చాపాడు.

"గదే! గదే మా సుక్కి! శవం పక్కన కూసొని ఏడుస్తున్నది!"

ఆ మాట చెవిన పడగానే హరీశ్‌కు ముచ్చెమటలు పట్టాయి.

హరీశ్ ఆయన మనవడు. హైదరాబాద్‌లో పాత నలుపు తెలుపు సినిమాలకు రంగులేసే స్టూడియోలో పని. 'కట్ట మీద శవం' అనే హత్యల సినిమా తమ దగ్గరికి వచ్చిందని తెలిసి, బతిమాలి మరీ ఆ పని తీసుకున్నాడు. ఎందుకు తీసుకోడు? యాభై ఏళ్ల కింద ఆ సినిమా తీసింది ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీదే. అందులో వాళ్ల నాయనమ్మ సుక్కమ్మ కనిపిస్తుంది. ఆమెది పాలమూరు దిక్కు. అప్పటికి తాతతో పెళ్లయి ఏడాదైందని ఇంట్లో అందరూ వింటూ వచ్చిన ముచ్చట. ఆ షూటింగ్ కళ్లారా చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది వాళ్లిద్దరే.

ఈ గొప్పను తాత వెయ్యిసార్లు చెప్పుకుని ఉంటాడు. "కెమెరా ఎక్కించిన పడవ నేనే నడిపిన. మా సుక్కి కంట్ల మందు పొయ్యకుండనే ఏడ్చింది. డైరెక్టరు పరేషాన్!"

నాయనమ్మను అడిగితే మాత్రం, "ఏముంది తీ, గుంపుల ఒక దిక్కున్న," అని పని మీద లేచిపోయేది.

గుంపులో అంటే పాపం గుంపులోనే వెతికాడు హరీశ్. పందొమ్మిదేళ్ల నాయనమ్మ ఎలా ఉండేదో చూపించే ఫొటో ఒక్కటీ ఇంట్లో లేదు. శవం పక్కన కూర్చున్న ఆడమనిషిని అసలు పట్టించుకోలేదు. చచ్చినవాడి పెళ్లాం అనుకున్నాడు. పెళ్లాం అయితే విధవే కదా అనుకున్నాడు. లేతగా కనిపించే చీరను తెల్లగానే వదిలేశాడు. నొసటి మీద నల్లటి మచ్చ ఒకటి ఉంది. ప్రింటు నిండా అలాంటి మరకలే. ఇరవై సెకన్ల ముక్క, నాలుగు వందల ఎనభై ఫ్రేములు. ఒక్కోటీ తెరిచి, కళ్లు కాయలు కాసేలా చూసి, శుభ్రంగా తుడిచిపారేశాడు. పనితనం అంటే అదీ! పైవాళ్లు భుజం కూడా తట్టారు.

ఇప్పుడా బోడి నుదురు తెర నిండా ఉంది. ఎదురుగా మొదటి వరసలో, నొసట రూపాయి బిళ్లంత బొట్టుతో సుక్కమ్మ కూర్చుని ఉంది. పక్కనే ఆమె మొగుడు.

ముందుగా గొంతెత్తింది పక్కింటి సిద్దమ్మే.

"ఓరి హరీశూ! శవం లేవకముందే బొట్టెవరు తీస్తర్రా? పదో దినం గద తీసేది! గంత సదువు సదివి గది తెల్వదా? బతికున్న మొగని పక్కన కూసోబెట్టి ముత్తైదువను ముండమోపిని చేస్తివి గదరా!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో థూ అన్నారు. హరీశ్‌కు తల కొట్టేసినట్టయింది. ఊరందరినీ ఇంటింటికీ వెళ్లి పిలిచింది తనే. నాయనమ్మకు కొత్త చీర కట్టించి ముందు కూర్చోబెట్టిందీ తనే. ఛీ, ఎంత పని చేశాను!

తాత తిడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండేది. ముసలాయన మెల్లగా కూర్చుని, గొంతు తగ్గించి ఒకే మాట అడిగాడు.

"ఎవరు జెప్పిన్రురా నీకు?"

"ఎవరు జెప్పలే తాతా. నా అంతట నేనే చేసిన."

లింగస్వామి తల దించుకున్నాడు. ఎవరికీ ఏనాడూ దించని తల అది. హరీశ్ లేచి వెళ్లి సినిమా ఆపేశాడు. జనం గుసగుసలాడుకుంటూ బిర్యానీల వైపు కదిలారు. సిద్దమ్మ తిట్లు గేటు దాకా వినిపించాయి.

హాలు ఖాళీ అయ్యాక సుక్కమ్మ నోరు విప్పింది.

"గా ముక్క మల్లొకసారి ఎయ్యిరా."

"వద్దు నాయనమ్మా."

"ఎయ్యమంటున్న గద."

వేశాడు. తనకిదే శిక్ష అనుకున్నాడు. తెల్లచీర పిల్ల తెర మీద వెక్కివెక్కి ఏడ్చింది. చూస్తున్న ముసలామె కళ్లూ కారిపోయాయి. హరీశ్ ఇక తట్టుకోలేక ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"తప్పయింది నాయనమ్మా. మొఖం ఎత్తలేకపోతున్న. రేపు పొద్దుగాలనే పోయి బొట్టు పెడత. ఎర్రగ, పెద్దగ. నాలుగు వందల ఎనభై ఫ్రేములకు పెడత. చీరకు గూడ మంచి రంగేస్త."

"పెట్టు బిడ్డా," అన్నాడు తాత గబుక్కున. "ఆలిశం చెయ్యకు. నీకు దండం పెడత."

సుక్కమ్మ మొగుడి వైపు చూసింది. చేయి చాచి ఆయన మోకాలు తట్టింది. తర్వాత మనవడి తల నిమిరింది.

"ఏం పెట్టకు బిడ్డా," అంది, "ఆ పొద్దు తెల్లచీర నాదే, బొట్టే సినిమోల్లు పెట్టిన్రు, నన్ను కట్టుకున్నోడు పాలమూరుల సచ్చి అప్పటికి మూడు నెలలు, పడవ మీదున్న మీ తాత ఎవరో గూడ నాకింకా తెల్వదు."