ఓడితే చాలు

అమీన్ సాబ్ తెల్లపావులు తీసుకుని, మొదటి ఎత్తుకే ఏనుగు ముందున్న చివరి బంటును కదిపాడు. నట్టనడుమంతా ఖాళీగా వదిలేసి ఆ మూలకేం పనో!

బట్టల దుకాణం రాధాకిషన్‌కు ఒళ్ళు మండింది. ఇంత అధ్వానంగా ఆడేవాడి చేతిలో ఎట్లా ఓడాలి భగవంతుడా!

ఓడక తప్పదు మరి. నిజాం సర్కారు నిషేధించిన పత్రిక చదివాడని తమ్ముడు దత్తాత్రిని వారం కిందట ఠాణాలో పెట్టారు. "వానికి జరం, దగ్గు. ఇడ్శిపెట్టున్రి సాబ్" అని కాళ్ళావేళ్ళా పడితే, "ముందుగాల మన చదరంగం ఫైనల్ కానియ్యి సేఠ్, తర్వాత చూద్దాం" అన్నాడు అమీన్. సిద్దిపేటంతా చూస్తుండగా పోలీసు అమీన్‌ను ఓడించడమంటే కొరివితో తల గోక్కోవడమే. పైగా ఆయన పైఅధికారి తాలూక్దారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఇట్లాంటివాడు ఫైనల్ దాకా ఎట్లా వచ్చాడంటే, ఎదురాడిన వాళ్ళందరికీ పెళ్ళాం పిల్లలున్నారు.

నాలుగో ఎత్తుకు అమీన్ గుర్రాన్ని ఊరికే ఇచ్చాడు. రాధాకిషన్ చూడనట్టు నటించాడు. తర్వాత ఏకంగా మంత్రినే తెచ్చి ఎదురుగా పెట్టాడు.

వెనక నిలబడ్డ నేతగాడు రాజనర్సు ఆగలేకపోయాడు. "ఏంది సేటూ, మంత్రి నోటికాడికొస్తే తీసుకోవేంది? కండ్లు కనవడ్తలేవా?"

"నువ్వు జర నోర్మూస్కో!" అని కసిరాడు రాధాకిషన్. చెమటలు కారుతున్నాయి. ఓడడమే గగనమైపోయింది. తన పావులన్నీ తప్పించి ఆ చివరి బంటుకు బాట ఇచ్చాడు. ఇంకొక్క గడి జరిగితే అది మంత్రి అవుతుంది. అమీన్ దాన్ని జరపడే! మొహం మాడ్చుకుని ఇంకేవో పావులు తడుముతాడు. ఈ మొద్దుకు అదీ కనిపించదా అని రాధాకిషన్ పళ్ళు నూరాడు.

ఇక విసిగిపోయి, తన ఏనుగును ఆ బంటు కొట్టేచోటికి తెచ్చి రాజుకు "షా" చెప్పాడు. దాన్ని బంటుతో కొట్టడం తప్ప తెల్లరాజుకు దిక్కులేదు. కొట్టిన బంటు మంత్రి అయి కూర్చుంది. నల్లరాజుకు ఆటకట్టు.

రాజనర్సు తుపుక్కున ఉమ్మి వెళ్ళిపోయాడు. రాధాకిషన్‌కు మాత్రం ప్రాణం లేచివచ్చింది. చేతులు జోడించాడు.

"గెలిచిన్రు సాబ్. మరి మా తమ్ముడు..."

అమీన్ తల పట్టుకున్నాడు. తాలూక్దారుకు వినపడకుండా ముందుకు వంగాడు.

"గెలిచినోడు ఏదడిగితే అదిస్తనని తాలూక్దార్ సాబ్ పొద్దుగాల నాతోని అన్నడు సేఠ్, ఖైదీని ఇడువున్రని నేనడిగితే నా నౌకరి పోతది, నువ్వయితే నీ తమ్ముణ్ణే అడుగుతవని మొదటి ఎత్తుకాడికెల్లి ఓడిపోదామనే ఆడిన!"