శనివారపు అమ్మ

“వచ్చే శనివారం నుంచి ఆవిడ పాపను చూడకూడదండీ. ఆ మాట మీ కాగితాల్లో రాస్తేనే సంతకం పెడతాను.”

టైలరమ్మ గొంతు తగ్గించే చెప్పింది కానీ మాటలో పదును తగ్గలేదు. పిల్లల సంక్షేమ కార్యాలయంలో అధికారిణి కలం మూసి పక్కన పెట్టింది. బల్ల మీద దత్తత కాగితాలు పరిచి ఉన్నాయి. పక్క కుర్చీలో ఉన్న భర్త, వడ్రంగి, నేల చూపులు చూస్తున్నాడు.

ఎనిమిది నెలలుగా పాపకు నీళ్లు పోసేది తను. జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగేది తను. ఒంటి మీది గౌనులన్నీ తన మిషను మీద కుట్టినవే. కానీ ప్రతి శనివారం ఈ కార్యాలయం ఆయా వచ్చి పాపను కన్నతల్లి దగ్గరికి తీసుకెళ్లి, గంటకు తెచ్చి దింపేది. ఆ గంటసేపూ టైలరమ్మ చేతిలో సూది సాగేది కాదు. తిరిగొచ్చిన పాప దగ్గర ఎవరిదో సబ్బు వాసన. పాప నోట మొదటిసారి “అమ్మ” అన్న మాట వచ్చింది కూడా శనివారమే, అదీ వీధి తలుపు వైపు చూస్తూ. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

పాపను పెంచమని దేవుడు పిలిచాడని ఒప్పుకున్నాం, సుఖంగా ఉంటుందని కాదు కదా అని ఇక్కడికి వచ్చే దారిలో భర్త గుర్తుచేశాడు. “పిలిచినాయనకి నా కడుపుమంట కూడా తెలుసులెండి,” అని అక్కడితో ఆ మాట తుంచేసింది.

ఆ తల్లి కూడా సంతకానికే వచ్చిందనీ, పాపతో పక్క గదిలో ఉందనీ, చెప్పదలచుకున్నదేదో ఆమెకే చెప్పమనీ అంది అధికారిణి. టైలరమ్మ కొంగు బిగించి లేచింది. ఆవిడగారు తనకంటే అందగత్తె అయివుంటుంది, మాటకారీ అయివుంటుంది. ఉంటే ఉండనీ అనుకుని తలుపు తోసింది.

పాపను ఒళ్లో పెట్టుకుని ఓ పిల్ల కూర్చుని ఉంది. పదిహేడేళ్లుంటాయేమో. పరీక్షకు వచ్చినట్టు మోకాళ్లు దగ్గరికి ముడుచుకుంది. టైలరమ్మ గదంతా కలయజూసింది. ఇంకెవరూ లేరు.

పిల్ల గబుక్కున లేచి నిలబడింది. పాప చెవి పట్టుకుంటేనే నిద్రపోతుందనీ, ఎవరి చెవైనా ఫర్వాలేదనీ అడక్కుండానే అప్పజెప్పేసింది. తర్వాత పాప తల నిమిరింది.

“ఈ పిలకలు మీరే వేస్తారా అమ్మగారూ? ఏడవకుండా ఎలా వేస్తారండి? నాకు వేసేవాళ్లు లేక నా జుట్టు నేనే కత్తిరించేసుకునేదాన్ని.”

ఎక్కడుంటావని అడిగింది టైలరమ్మ. అనాథ బాలికల హోంలో, పుట్టిన దగ్గర్నుంచీ అక్కడే అంది పిల్ల. వచ్చే ఏడు పద్దెనిమిది నిండితే అక్కడా ఉంచరట. ఆ తర్వాతెక్కడికి అంటే మాత్రం తల దించి పాప గౌను గుండీ పెట్టసాగింది. పాపను అందుకోబోతే అది “అమ్మ” అంటూ ఆ పిల్ల మెడనే కరుచుకుంది. టైలరమ్మ గుండెల్లో మళ్లీ భగ్గుమంది.

చేతులు ఖాళీగానే బయటికి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. భర్త కంగారుగా లేచాడు.

“చెప్పేశారా, ఇక చూడొద్దని?” అడిగింది అధికారిణి.

“లేదండీ. ఇలాంటి దత్తత దరఖాస్తు ఇంకోటి ఇవ్వండి.”

“ఇంకోటి ఎవరికి?”

“లోపలుందిగా, మా పెద్దమ్మాయికి.”