ఒక్కడి తీర్పు

“ఆ పెట్టె మీద కూర్చోకండి. అందులో ఉన్నవన్నీ మీరు కాదంటూ రాసిన తీర్పులే. అది కాస్తా విరిగితే మళ్లీ సర్దలేక నేను చావాలి” అంది భార్య.

జడ్జిగారు నవ్వుతూ లేచారు. పదవీ విరమణ అయిపోయింది. క్వార్టర్స్ ఖాళీ చేస్తున్నారు. సుప్రీంకోర్టులో ఉన్నంతకాలం తోటి జడ్జీలు ఔనన్నదాన్ని ఆయన కాదంటూనే వచ్చారు. లాయర్లు చాటుగా ‘కాదు జడ్జి’ అని పేరు కూడా పెట్టారు. తనకంటే జూనియర్ ప్రధాన న్యాయమూర్తి అయినప్పుడు కూడా ఆయన పెద్దగా బాధపడలేదు. పక్క కుర్చీలోంచి ఒక్కసారైనా ఒక్కరు తన మాటకు తోడొస్తే బాగుండునన్న ఆశ మాత్రం తీరలేదు.

“అంతమందిని కాదన్నారు, ఇంట్లో నన్నెప్పుడూ కాదనలేదేం?”

“ఇక్కడ అప్పీలు లేదుగా!”

అప్పుడే గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ కనిపించింది.

“నమస్కారమండీ. లేత్ మిషను షెడ్డు కేసు గుర్తుందా? ఆ కుర్రాడి తల్లిని నేనే.”

గుర్తులేకపోవడమేమిటి! ప్రాణస్నేహితులైన ఇద్దరు కుర్రాళ్లు. తలుపులు మూసిన షెడ్డులో ఒకడు హత్యకు గురయ్యాడు, రెండోవాడు పట్టుబడ్డాడు. అక్కడ మూడో మనిషి లేడు. ఏం జరిగిందో పట్టుబడినవాడు పోలీసులకూ చెప్పలేదు, కోర్టుకూ చెప్పలేదు. ఇద్దరు జడ్జీలు ఉరి ఖాయం చేశారు. ఈయన ఒక్కరే యావజ్జీవం చాలన్నారు. ‘ఇతను ఎప్పటికైనా నోరు విప్పుతాడు, అందాకా బతకనివ్వండి’ అని విడిగా తీర్పు రాశారు. ఉరి ఆగలేదు.

కుర్చీలన్నీ అప్పటికే లారీ ఎక్కేశాయి. జడ్జిగారు ఆమెకు ఆ పెట్టెనే చూపించారు. ఈసారి భార్యే దాని మీద దుమ్ము తుడిచింది.

“మీరు రాసింది పేపర్లో చదివానండీ. నా మనసులో మాట మీరొక్కరే రాశారు. ఆ మాట మీతో చెప్పి పోదామని వచ్చాను.”

“ఏం లాభమమ్మా? మిగతా ఇద్దరిలో ఒక్కరినైనా ఒప్పించలేకపోయాను. ఇంకోసారి వెళ్లి మాట్లాడి ఉండాల్సింది.”

“వాడు బతికుంటే చాలనుకున్నాను. క్షమాభిక్ష పెట్టమని కనపడిన వాళ్లందరి కాళ్లూ పట్టుకున్నాను. మావాళ్లంతా నాకు పిచ్చెక్కిందన్నారు.”

“జైల్లో చూశారా?”

“ఎన్నిసార్లు వెళ్లినా కుదరనివ్వలేదండీ.”

“జైలువాళ్లా?”

“వాడేనండీ. నా మొహం చూడలేనని కబురు పంపేవాడు. ఎప్పటికైనా మనసు మారకపోతుందా అని గేటు దగ్గరే కూర్చునేదాన్ని.”

కన్నతల్లికి మొహం చూపించలేకపోయాడు కాబోలు అనుకున్నారు జడ్జిగారు. భార్య అటు తిరిగి, కట్టిన మూటనే మళ్లీ కట్టసాగింది.

“పోనీ, ఆఖరి రోజైనా...”

“లేదండీ. ఇప్పటికీ వీధి తలుపు చప్పుడైతే చాలు, ఎవరో వచ్చి ఆ ఒక్క మాటా చెబుతారేమో అనిపిస్తుంది.”

“ఏ మాటమ్మా? వాడి నోట ఏం వినాలనుకున్నారు?”

ఆమె పెట్టె మీంచి లేచింది.

“వాడి చేతుల్లో పోయేటప్పుడు మా అబ్బాయి ఏమన్నాడోనండీ.”